ఆరు గంటలకు మందు వేశాను

మా బావకు పద్దెనిమిదేళ్ళలో నూట నలభై సార్లు జ్వరం వచ్చింది. అందులో నిజం జ్వరం ఒక్కటే. మిగతావన్నీ నేను రాసినవి.

నీటి సరఫరా ఆఫీసులో నేను గుమస్తాను. మా అక్క భర్త అదే శాఖలో పంపు ఆపరేటరు. ఆయనకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మోటారు చప్పుడు విని ఎక్కడ నొప్పి ఉందో చెప్పగలడు. సెలవు చీటీ రాయమంటే మాత్రం కాగితాన్ని నా వైపు తోసి, "బామ్మర్దీ, నీ రాత ముత్యాల్లా ఉంటుందిరా" అనేవాడు. పొగడ్తకు పడిపోవడం మా వంశంలోనే ఉంది. బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అని సామెత. బావమరిది ఏం కోరాలో ఎవరూ చెప్పలేదు. నేను అక్క కాపురం కోరి జ్వరాలు రాశాను.

ఆఫీసులో ఆయన పేరే జ్వరం అయిపోయింది. "జ్వరం వచ్చాడా?" అని ఒకరు అడిగేవారు. "రాలేదు, జ్వరానికి జ్వరమట" అని ఇంకొకరు చెప్పేవారు. ఎవరూ నవ్వేవారు కాదు, అంత అలవాటైపోయింది.

పంపు హౌసులో ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. మోటారు ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి ఆపారు, ట్యాంకు ఎంత నిండింది, నీళ్ళలో మందు ఎన్నింటికి కలిపారు, అన్నీ అందులో రాయాలి. మందు అంటే బ్లీచింగ్ పౌడరు. పంపు హౌసులో పనిచేసేవాళ్ళు దాన్ని మందు తప్ప ఇంకో మాట అనగా నేను వినలేదు. మా బావ షిఫ్టు పుస్తకం కూడా నేనే రాసేవాణ్ణి. రోజూ వెళ్ళే ఓపిక లేక ఒకటో తారీఖున కూర్చుని ఆ నెల మొత్తం ముందుగానే ఒక్కసారే రాసేసేవాణ్ణి. అందుకే ఆయన మధ్యాహ్నం తాగి, మోటారు వేసి, పైపు పక్కన పడుకుని నిద్రపోయినప్పుడు, ట్యాంకు పొర్లి కింద వీధంతా మూడు గంటలు వరదైపోయినప్పుడు, పుస్తకంలో మాత్రం "ట్యాంకు సక్రమంగా నిండినది" అని ఉంది. రాత ముత్యాల్లాగే ఉంది.

ఆయన్ని సస్పెండ్ చేశారు. నాకు హెచ్చరిక ఇచ్చారు. అక్క కుట్టుమిషను పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. "ఏం జరిగింది?" అని అడిగితే, "ఏమీ జరగలేదు, అదే జరిగింది" అంది. పద్దెనిమిదేళ్ళు ఆవిడ ప్రతి పూటా కిటికీ దగ్గర నిలబడి ఈ మనిషి ఎక్కడున్నాడో అని చూసింది. "ఎక్కడికెళ్ళారు?" అని అడిగితే ఆయన ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు, "ఇక్కడే." ఊళ్ళో ఆయన తాగని చోటు లేదు కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

తాగుడు మానిపించే కేంద్రంలో మూడు నెలలు ఉన్నాడు. ఎలా మానాడో నేను చెప్పలేను. వణికాడని, ఏడ్చాడని, ఒకసారి గోడ దూకబోయి గోడ మీదే ఆలోచనలో పడి దిగిపోయాడని విన్నాను. నాకు తెలిసింది చదువు సంగతి. ఆ కేంద్రంలో సాయంత్రం పెద్దవాళ్ళకు బడి ఉండేది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ చెప్పేది. బయటికొచ్చాక కూడా వారానికి రెండు రోజులు ఆ క్లాసుకు రావాలని నియమం. ఆయన్ని దింపడానికి వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని నేనూ కొన్నాళ్ళు విన్నాను.

మొదటి రోజు టీచరమ్మ "మీకు బాగా తెలిసిన మాట ఒకటి చెప్పండి" అందట. ఒక తాపీమేస్త్రీ, ఒక మంగలి, ఒక వంటమనిషి, మా బావ. నలుగురూ నేల చూపులు చూశారు. చివరికి వంటమనిషి చిన్నగా "మందు" అన్నాడు. ఆవిడ బోర్డు మీద పెద్దగా మందు అని రాసి, "మ రాయండి, పక్కన సున్న పెట్టండి. ఇన్నాళ్ళు తాగితే చేతిలో మిగిలింది అదే కాబట్టి గుర్తుంటుంది. ఆ పక్కన దు" అంది. అలా మా బావ జీవితంలో రాసిన మొదటి మాట మందు.

మొదటి వాక్యం "మందు మానాను." వంటమనిషి లేచి, "టీచరమ్మా, నేనింకా పూర్తిగా మానలేదండి" అన్నాడు.

"మానాక రాద్దువుగాని. ఇప్పుడు చదువు" అంది ఆవిడ.

మంగలి దీర్ఘం మరిచిపోయి "మందు మానను" అని రాశాడు. టీచరమ్మ పలక పైకెత్తి అందరికీ చూపించింది. "దీర్ఘం పోతే ఏమైందో చూశారా? మానాను అంటే మానేశాడు. మానను అంటే చచ్చినా మానడట. ఒక్క గీతకు కొంప మునుగుతుంది, జాగ్రత్త." మంగలి సిగ్గుపడి దీర్ఘం పెట్టాడు, కాస్త పొడుగ్గానే పెట్టాడు.

ఆవిడకు ఒక పద్ధతి ఉంది. నేర్పని అక్షరం ముట్టుకోకూడదు. "రాని అక్షరంతో కుస్తీ పడితే విసుగొచ్చి పెన్ను పారేస్తారు. పెన్ను పారేసిన చెయ్యి ఖాళీగా ఉండదు, సీసా వెతుక్కుంటుంది. వచ్చిన వాటితోనే పని కానివ్వండి" అనేది. అచ్చులు, హల్లులు, గుణింతాలు అయ్యాయి. ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదు.

అప్పుడే మా బావను మళ్ళీ పనిలోకి తీసుకుంటూ ఉత్తర్వు వచ్చింది. మూడు నెలలు చూస్తారు. పుస్తకం తనే, తన చేత్తోనే, ఏ పూటకాపూట రాయాలి. ఆ మూడు నెలల్లో తాగినట్టు తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఇక మళ్ళీ రాదు. అక్క ఉత్తర్వు కూడా దాదాపు అదే. "ఆ మూడు నెలలూ దాటనీ. అప్పుడు చూద్దాం" అంది. ఆవిడ "చూద్దాం" అంటే చూస్తుంది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఆయన డ్యూటీ. పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. ఒత్తులు రావు కాబట్టి ఒత్తు ఉన్న మాట జోలికి పోలేదు. నీళ్ళు అని రాయలేడు, నీరు అని రాశాడు. మళ్ళీ అని రాయలేడు, మరల అని రాశాడు. కళ్ళు రావు, కనులు వచ్చాయి. క్లోరిన్, బ్లీచింగ్ రెండూ మొదటి అక్షరంలోనే అడ్డం తిరిగాయి, కాబట్టి తనకు అన్నిటికంటే బాగా వచ్చిన మాట వేశాడు. శుక్రవారం దగ్గర చిక్కొచ్చింది. బాగా ఆలోచించి "గురువారం మరునాడు" అని రాశాడు. ప్రతి వారం అలాగే రాశాడు.

నేను ఒకసారి చూసి, "బావా, మందు అనకు. పొడి అని రాయి" అన్నాను.

"పొడి అంటే ఏ పొడి అని అడుగుతారు. మందంటే అందరికీ తెలుసు."

"అదే భయం."

"నువ్వు రాసినన్నాళ్ళూ నేను ఏమన్నా అన్నానా?" అన్నాడు. పుస్తకం ఆయనకే ఇచ్చేశాను. అదీగాక ఆ పంపు హౌసుకు ఫోర్‌మన్ నుంచి తోటమాలి దాకా అందరూ మందు అనేవాళ్ళే కదా అనుకున్నాను. రోడ్ల విభాగం నుంచి మనిషి వస్తుందని నేనేమైనా కలగన్నానా!

పదకొండో వారంలో కొత్త ఇంజినీరు మేడం వచ్చింది. పదేళ్ళు రోడ్లు వేసి వచ్చింది. తారు గురించి ఆవిడకు తెలియనిది లేదు. నీళ్ళ గురించి తెలుసుకుందామని పుస్తకాలన్నీ తెప్పించుకుని చదవడం మొదలుపెట్టింది. అంతకుముందున్న ఇంజినీర్లు ఎవరూ చదివేవారు కాదు. మధ్యాహ్నం నన్ను పిలిచి, మా బావ పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివింది.

"సోమవారం. ఆరు గంటలకు మందు వేశాను. పది గంటలకు మరల మందు వేశాను. రెండు గంటలకు మందు వేశాను."

నేను వంగి ఆ పంక్తులు చూశాను.

"మంగళవారం. మందు చాలలేదు. ఇంకో గరిటె వేశాను." పేజీ తిప్పింది. "బుధవారం. ఈ రోజు మందు రాలేదు. చాలా బాధగా ఉంది." మళ్ళీ తిప్పింది. "మందు దొరికింది. ఆనందం. ఇదేమిటి? వేరే మందు, ఘాటుగా ఉంది, కనులు మండాయి. గురువారం మరునాడు. ఏమండీ, శుక్రవారం అన్న సంగతి కూడా గుర్తులేనంతగా తాగి ఉన్నాడా ఈ మనిషి?"

"మేడం, మందు అంటే తాగేది కాదండి. నీళ్ళలో కలిపే పౌడరు."

ఆవిడ బీరువా వైపు చూసింది. "మీకు చుట్టమట కదా?"

"బావ అవుతారండి."

"ఈయన పాత సెలవు చీటీలు చూశాను. నూట నలభై. అన్నీ మీ చేతిరాతే. నూట నలభై ఒకటోది మీ మాట నేను నమ్మాలా?"

నమ్మాలి అనడానికి నాకు ముఖం చెల్లలేదు. నేను ఎవరి మేలు కోరి రాశానో ఆయన కొంపకే ఆ రాతలు నిప్పు పెడుతున్నాయి. ఆ రోజు నాకు నా చేతిరాత మీద మొదటిసారి అసహ్యం వేసింది.

మెమో రాయమంది. ఆఫీసులో మెమోలు రాసేది నేనే కదా. "విధి నిర్వహణలో ఉండగా రోజుకు మూడు పర్యాయములు మందు సేవించినట్లు తమరే స్వహస్తముతో నమోదు చేసి ఉన్నందున, తమను ఎందుకు తొలగించరాదో మూడు రోజులలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." రాసి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. బావ ఒత్తులు వదిలేసి దాన్ని కూడబలుక్కుని చదివాడు. ఆయన జీవితంలో తనంతట తాను చదివిన మొదటి ఉత్తరం అది. చదవడం పూర్తయ్యాక మొదట, "సేవించినట్లు అంటే తాగినట్టా?" అని అడిగాడు. అవునన్నాను. బల్ల మీద కూర్చుండిపోయాడు.

డాక్టరు దగ్గరికి పంపారు. ఊదించి, రక్తం తీసి చూసి, "ఇవాళ తాగలేదని రాసివ్వగలను. పదకొండు వారాల సంగతి నేను ఎలా చెప్పను?" అన్నాడు ఆయన. బ్లీచింగ్ పౌడరు సంచులు వచ్చిన చీటీలు నేను చూపిస్తే, "పొడి వచ్చిందని తెలుస్తోంది, ఆయన తాగలేదని ఎక్కడ తెలుస్తోంది?" అంది మేడం. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి లేదు. ఉత్తర్వులో ఒక షరతు ఉంది. సందేహం వస్తే ఇంట్లో మనిషి వచ్చి చెప్పాలి. ఇంట్లో మనిషి అంటే భార్య. భార్య దాదాపు ఏడాదిగా మా ఇంట్లో ఉంది. ఆవిడ వచ్చి "నాకు తెలియదండి" అంటే అది నిజమే అవుతుంది, దాంతో బావ ఉద్యోగం పోతుంది. "తాగడం లేదండి" అంటే మేడం ముందు నాలాగే ఇంకో అబద్ధాల కోరు చుట్టం అవుతుంది.

సంజాయిషీ నేను రాస్తానన్నాను. ఇంగ్లీషు మాటలు నాలుగు వేసి గట్టిగా రాస్తానన్నాను.

"వద్దు" అన్నాడు బావ.

"కనీసం ఒత్తులైనా నేను పెడతాను బావా."

"టీచరమ్మ ఇంకా చెప్పలేదు" అన్నాడు. కుక్క తోక వంకరంటారు గానీ, ఈయన తోక ఒకసారి నిటారుగా నిలబడ్డాక ఎవరు వంచబోయినా వంగడం లేదు. నాకు ఒళ్ళు మండింది. లోపల ఎక్కడో గర్వంగా కూడా ఉంది, అది ఆయనకు చెప్పలేదు.

మూడో రోజు మేడం గదిలో నలుగురం. బావ కాగితం ఇచ్చాడు. మేడం పైకే చదివింది.

"మేడం గారికి. నేను మందు మానాను. మానిన మందు వేరు. వేసిన మందు వేరు. మానినది సీసాలోది. వేసినది సంచిలోది. తెలుపు. పొడి. నేను తాగే మందు మానాను. ఊరు తాగే నీటిలో వేసే మందు మానను. మానితే ఊరికి రోగం. గురువారం మరునాడు ఏ వారమో నాకు తెలుసు. అది రాయటం ఇంకా రాదు. నెల తరువాత రాసి చూపుతాను. మీ పంపు ఆపరేటరు."

దీర్ఘం ఉండాల్సిన చోట ఉంది, ఉండకూడని చోట లేదు. నేను ముందు అదే చూశాను.

మేడం కాగితాన్ని ఇటూ అటూ తిప్పింది. "ఇందులో క్షమాపణ ఎక్కడా లేదే?"

"అది ఇంకా రాలేదండి" అన్నాడు బావ.

"ఏది? పశ్చాత్తాపమా?"

"క్ష అండి."

మేడం నవ్వలేదు. పెన్ను మూత పెట్టి, అక్క వైపు తిరిగింది. "అమ్మా, మీ ఆయన ఈ పదకొండు వారాల్లో తాగారా లేదా? మీరు ఆయనతో ఉండటం లేదని నాకు తెలుసు. తెలిసింది మాత్రం చెప్పండి."

అక్క బల్ల వైపు చేయి చాచింది. "ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా?" అంది. మేడం ఇచ్చింది. అక్క కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. బట్ట మీద కుట్టు చూసినట్టు ఒక్కో పంక్తి మీద వేలు జరుపుతూ చదివింది. చాలాసేపు పట్టింది. మేడం గడియారం చూసుకుంది గానీ ఆపలేదు. బావ నిలబడే ఉన్నాడు. ఆయన చేతులు వణకడం లేదు.

చివరి పేజీ అయ్యాక అక్క కళ్ళజోడు తీసింది. "ఆరింటివి నిజం" అంది.

"మీకెలా తెలుసు?"

"రోజూ చూశాను. పంపు హౌసు ఎదురుగా రోడ్డవతల నిలబడతాను. పొడి ఘాటు పోవడానికి ఈయన కిటికీ తెరిచే పెడతారు. సంచి విప్పి, గరిటెతో తొట్టిలో వేసి, కర్రతో కలుపుతారు. తర్వాత మోచేతుల దాకా కడుక్కుని, కూర్చుని రాస్తారు. రాయడానికి కలపడానికంటే ఎక్కువసేపు పడుతుంది. బుధవారం మందు రాలేదని ఉంది కదా, ఆ రోజు నాలుగు సార్లు గేటు దాకా వచ్చి బండి కోసం చూసి వెళ్ళారు. అదీ చూశాను."

మోకాళ్ళ నొప్పులకు పొద్దున్నే నడుస్తున్నానని నాకు చెప్పింది. పదకొండు వారాలు నమ్మాను. అబద్ధాలు రాయడం నా ఒక్కడికే వచ్చనుకున్నాను, అక్క నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. బావ ముఖం చూశాను. ఆయనకూ తెలియదు. నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు.

"పదింటివి, రెండింటివి నేను చూడలేదు. అప్పటికి కుట్టుపనికి వెళ్ళిపోతాను. ఆరింటివి డెబ్బై ఏడు రోజులూ నిజమైనప్పుడు మిగతావి అబద్ధమని నేననుకోను" అంది అక్క. పుస్తకం మూసింది గానీ మేడంకు తిరిగి ఇవ్వలేదు, ఒళ్ళోనే పెట్టుకుంది. "ఈయనతో పద్దెనిమిదేళ్ళు కాపురం చేశానండి. ఏ గంటకు ఎక్కడున్నాడో నాకు తెలియడం ఇదే మొదటిసారి."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవడం బాగుండదని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

మేడం మెమో తీసి ముందు పెట్టుకుంది. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద "ఆరోపణ నిలవలేదు" అని రాసి సంతకం పెట్టింది. నా వైపు చూసి, "పాత చీటీల సంగతి మీతో విడిగా మాట్లాడాలి" అంది. మాట్లాడింది కూడా. నా ఇంక్రిమెంటు ఒకటి ఆగిపోయింది, అది న్యాయమే కాబట్టి దాని గురించి ఇక్కడ ఏడవను.

మెట్ల మీద బావ అక్కను అడిగాడు, "అన్నాళ్ళు వచ్చావు కదా, లోపలికి రాకపోయావా?"

"మీరు పనిలో ఉన్నారు కదా" అంది అక్క.

మూడు నెలలూ దాటాయి. ఉద్యోగం ఖాయమైంది. మరుసటి ఆదివారం కుట్టుమిషను బావ ఇంటికి, మూడో అంతస్తుకు మోసింది నేనే. బావకు పొద్దున్న డ్యూటీ ఉండటంతో నాకు ఆ భాగ్యం దక్కింది. అక్క కిటికీ తెరిచి, గది ఊడ్చి, మిషను ఎక్కడ పెట్టాలో మూడు సార్లు మార్చి చెప్పింది.

నెలాఖరున పుస్తకాలు మేడం దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు ఆవిడ ప్రతి పుస్తకం ప్రతి పంక్తీ చదివి, ఎర్ర సిరాతో టిక్కు పెడుతుంది. పని మాటలు కానివి ఎవరైనా రాస్తే కొట్టేస్తుంది. ఫైలు కోసం నేను బావ పుస్తకం తెరిచినప్పుడు ఆ ఆదివారం పేజీ కనిపించింది.

"ఆరు గంటలకు మందు వేశాను. నీరు తేటగా ఉంది. పది గంటలకు మందు వేశాను. రెండు గంటలకు మందు వేశాను. మోటారు ఆపాను. మా ఆవిడ ఇంటికి చేరింది."

అన్ని పంక్తులకూ టిక్కు ఉంది. ఆఖరి దానికి కూడా ఉంది.